మెథడోన్ వైద్యం: మత్తుకు బానిసైన వారికి మేలెంత, ముప్పెంత?

"నొప్పి మాత్రలతో మొదలైంది. ఇప్పుడు అవి లేకపోతే పిల్లాడు మంచం దిగట్లేదు. మెథడోన్ ఇప్పిస్తే బాగవుతాడంటున్నారు, నిజమేనా?" దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చదువుకునే పిల్లలున్న ఇంట్లోనైనా, ఎల్బీనగర్‌లో బండి మీద డెలివరీలు చేసే కుర్రాళ్లున్న ఇంట్లోనైనా రాగల ప్రశ్న ఇది. అబ్బాకు చెప్పలేక, చుట్టాలకు తెలిస్తే పరువు పోతుందని భయపడి అమ్మీ ఒక్కతే మోసే ప్రశ్న కూడా.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మెథడోన్ అన్ని నషాలకూ మందు కాదు. నల్లమందు జాతి మత్తుకు మాత్రమే పనిచేస్తుంది. అంటే హెరాయిన్, బ్రౌన్ షుగర్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు. గంజాయికి, సారాకి, కొకైన్‌కి దీంతో పనిలేదు. మన దగ్గర చాలామంది పిల్లలు చిక్కుకునేది గంజాయిలోనే, దాని వైద్యం వేరు. కాబట్టి మీ వాడు ఏం తీసుకుంటున్నాడో తెలియకుండా మందు పేరు పట్టుకుని తిరగొద్దు.

మెథడోన్ కూడా నల్లమందు జాతి మందే. "ఒక నషా తీసేసి ఇంకో నషా అంటగట్టడమే కదా" అని పెద్దలు అనేది అందుకే. ఆ మాటలో సగమే నిజం. హెరాయిన్ నిమిషాల్లో తలకెక్కి, కొన్ని గంటల్లో దిగిపోతుంది. దిగగానే వణుకు, వాంతులు, మళ్లీ దానికోసం పరుగు, డబ్బు కోసం అబద్ధం, దొంగతనం. మెథడోన్ మెల్లగా ఎక్కి ఒక రోజుకు పైగా ఒంట్లో నిలుస్తుంది. సరైన మోతాదులో రోజుకు ఒక్కసారి తాగితే మత్తూ ఉండదు, వణుకూ ఉండదు. మనిషి లేచి పనికి పోగలడు. 1960లలో న్యూయార్క్‌లో డాక్టర్లు విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ దీన్ని మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మేలు విషయానికొస్తే, అన్నిటికన్నా పెద్దది ప్రాణం నిలవడం. పలు దేశాల లెక్కలు కలిపి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన పరిశీలన ప్రకారం, మెథడోన్ తీసుకుంటున్న కాలంలో ఏడాదికి వెయ్యి మందిలో సుమారు 11 మంది చనిపోతే, అది ఆపేసిన కాలంలో 36 మంది చనిపోయారు. సూదులు పంచుకోవడం తగ్గుతుంది కాబట్టి హెచ్ఐవీ సోకే ముప్పు కూడా సగానికి తగ్గుతుందని తేలింది.

ఇక ముప్పు. మొదటి రెండు వారాలే అసలు గండం. మందు ఒంట్లో పేరుకుంటూ పోతుంది. నిన్నటి డోసు మిగిలి ఉండగానే ఇవాళ్టిది చేరుతుంది. అందుకే డాక్టర్లు తక్కువతో, సాధారణంగా 30 మిల్లీగ్రాములు దాటకుండా మొదలుపెట్టి, రోజుల తరబడి చూస్తూ పెంచుతారు. "ఇది సరిపోవట్లేదు" అని పిల్లాడు బయట ఇంకేదైనా కలుపుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

ముఖ్యంగా నిద్రమాత్రలు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలపడం కొత్త కాదు, 2025 జూలైలో కూకట్‌పల్లిలో అలాంటి కల్లు ప్రాణాలు తీసింది. మన ఇంట్లో కల్లు ముట్టరు కదా అనుకోకండి. అదే అల్ప్రాజోలం దాదీ నిద్రమాత్రగా అల్మారాలో ఉండొచ్చు. మెథడోన్‌తో అది కలిస్తే మనిషి నిద్రలోనే పోవచ్చు. గురక విచిత్రంగా మారినా, పెదాలు నీలంగా కనిపించినా, లేపితే లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. విరుగుడుగా నాలోక్సోన్ ఇంజెక్షన్ ఉంది, కానీ మెథడోన్ దానికన్నా ఎక్కువసేపు పనిచేస్తుంది. అందుకే కళ్లు తెరిచాడని వెంటనే ఇంటికి తెచ్చుకోకూడదు.

టీబీ మందు రిఫాంపిసిన్ వాడితే ఒంట్లో మెథడోన్ తగ్గిపోయి వణుకు తిరిగొస్తుంది, ఈ సంగతి ఇద్దరు డాక్టర్లకూ చెప్పాలి. డోసు పెరిగితే గుండె లయ తప్పే అవకాశం ఉంది కాబట్టి ఈసీజీ తీస్తారు. మలబద్ధకం, చెమటలు మామూలే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది సిరప్‌లా ఉంటుందని మరవొద్దు, ఒక్క గుక్క చాలు ప్రాణం తీయడానికి.

మన దేశంలో మెథడోన్ మొదలైంది 2012 ప్రాంతంలో, ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో, కొన్ని కేంద్రాల్లోనే. మందుల షాపులో దొరకదు, నర్సు ఎదుటే తాగిస్తారు. కాబట్టి ఇక్కడ డాక్టర్ ముందుగా రాసేది బ్యుప్రెనార్ఫిన్ కావచ్చు. నాలుక కింద పెట్టుకునే మాత్ర అది. మోతాదు ఎంత పెంచినా ఒక హద్దు దాటి ఊపిరిని అణచదు, ఆ లెక్కన మెథడోన్ కన్నా భద్రం. అయితే హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగానే వేసుకుంటే వణుకు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకొకటి. నెల రోజులు ఏదో సెంటర్లో పెట్టించి, "క్లీన్ అయ్యాడు" అని తీసుకొస్తారు. ఆ నెలలో ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే చావే. మెథడోన్ మూడు నాలుగు రోజులు మానేసి పాత డోసు తాగినా అంతే. షుగర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ లాగా దీన్ని ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. "ఇంకెన్నాళ్లు?" అని రోజూ నిలదీస్తే పిల్లాడే ఆపేస్తాడు.

రంజాన్‌లో ఈ చిక్కు ఎక్కువ. రోజాకోసం డోసు ఎగ్గొట్టక్కర్లేదు, రోజుకు ఒక్కసారే కాబట్టి ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. నెల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. మలేషియాలో 2010 నుంచి కౌలాలంపూర్‌లోని అర్రహ్మాన్ మసీదులోనే మెథడోన్ ఇచ్చారు. మన మసీదు కమిటీలు దాని గురించి ఒకసారి చదివితే బాగుంటుంది.

పోలీసుల భయం కూడా ఉంటుంది. తక్కువ పరిమాణంతో పట్టుబడినవాడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట వైద్యానికి ఒప్పుకుంటే, ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ రక్షణ ఇస్తుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే అది పోతుంది.

ఎవరినైనా వెక్కిరించడానికి "ఎర్రగడ్డకు పంపాలి" అనడం హైదరాబాద్‌లో మనందరికీ అలవాటే. మత్తు విడిపించే సర్కారీ వైద్యం ఉన్నది అక్కడి మానసిక ఆసుపత్రిలోనే. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. ముందుగా 14446కి ఫోన్ చేసి మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ ఎక్కడ దొరుకుతాయో అడగండి. వెళ్లేటప్పుడు ఆధార్‌తో పాటు పిల్లాడు వాడిన ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.