పాలు విరిగాయి, పాలు విరగ్గొట్టాను

సూర్యాపేట దాటి కోదాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే హోటళ్ల బోర్డుల మీద ఒకే వంటకం పేరు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకచోట పనీర్ బటర్ మసాలా, ఇంకోచోట పన్నీర్ బటర్ మసాలా. రెండోది చూసి నవ్వేవాళ్లున్నారు. నిజానికి అందులో నవ్వాల్సిందేమీ లేదు. కొత్త మాట వచ్చేసరికి తెలుగువాళ్ల నోట్లో పన్నీరు అనే పాత మాట అప్పటికే ఉంది. నాలుక తనకు తెలిసిన దారినే పట్టింది.

పన్నీరంటే పెళ్లిపందిట్లో వచ్చినవాళ్ల మీద చల్లే గులాబీ నీరు. తమిళంలో, మలయాళంలో పని అంటే మంచు. దానికి నీరు చేరి ఈ మాట పుట్టింది. మలయాళంలో గులాబీపూవును ఇప్పటికీ పనినీర్‌పూవు అంటారు. పనీర్ మాత్రం పారసీక పదం. తుర్కుల నోట పెయ్‌నిర్ అయింది, ఆర్మేనియన్ల నోట పనీర్‌గానే ఉంది. ఆ దేశాల్లో అన్ని రకాల చీజ్‌కూ అదే పేరు. ఉత్తర భారతంలో మాత్రం నిమ్మరసంతోనో పుల్లని పెరుగుతోనో గడ్డకట్టించిన ఒక్క పదార్థానికే స్థిరపడింది.

ఈ రెండు మాటల పుట్టుక వేరని తేల్చడానికి నిఘంటువు కూడా అక్కర్లేదు, విభక్తి చాలు. నీరు నీటి అవుతుంది గనక పన్నీరు కూడా పన్నీటి అవుతుంది. పన్నీటి బుడ్డి, పన్నీటి జల్లు అంటాం. పనీరు మాత్రం ఎక్కడికి పోయినా పనీరే. పనీరు కూర, పనీరు ముక్కలు అంటామేగానీ, పనీటి కూర అని ఎవరూ అనరు. బోర్డు మీద నకు ఒత్తు పెట్టిన మనిషి కూడా ఇంట్లో పన్నీటి కూర వడ్డించమని అడగడు. సర్కారు బడి, బజారు ధర లాంటి మాటల వరసలోనే పనీరు కూర చేరింది. వ్యాకరణం చదవని నోరు కూడా ఏ మాట మనదో, ఏ మాట వలస వచ్చిందో ఇంత కచ్చితంగా గుర్తుపడుతుంది. తెలుగులో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఇదే.

1948 దాకా ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది. తాలూకా, జాగీరు, రసీదు, దస్తావేజు లాంటి పారసీక పదాలు కచేరీల నుంచి మా ఊళ్లలోకి దిగాయి. పనీరు ఆ దారిన రాలేదు. అది చాలా ఆలస్యంగా, పంజాబీ వంట పేరుతో, హోటళ్ల మీదుగా వచ్చింది. హోటల్లో తిన్నదాన్ని ఇంట్లో చేసుకోవాలన్న ఆశ మాత్రం ఆడవాళ్ల మాటల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకింది. పెళ్లయి హైదరాబాదు పోయిన ఆడబిడ్డ పండక్కి వచ్చినప్పుడు నేర్పింది. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు చెప్పింది కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నారు. మా చుట్టాల్లో ఈ కూర ఎవరిదగ్గర నేర్చుకున్నావని అడిగితే ఏదో ఒక వరస వినిపిస్తుంది, తోడికోడలనో, మేనత్త కూతురనో. పుస్తకం పేరు చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

దీనికి తెలుగులో పేరే లేదా అంటే, జున్ను ఉంది కదా అంటారు. చీజ్‌కు జున్ను అని రాయడం పాత అలవాటే. తెలుగు బైబిల్లో దావీదు తన అన్నలున్న దండుకు పోయేటప్పుడు సహస్రాధిపతికి ఇమ్మని తండ్రి పంపినవి జున్నుగడ్డలే. కానీ జున్ను వేరు. బర్రె ఈనిన కొత్తలో ఇచ్చే చిక్కని పాలల్లో బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే దానంతటదే గట్టిపడేది జున్ను. అందులో పులుపు చుక్క కూడా పడదు. దూడను కాపాడే మాంసకృత్తులు ఆ తొలిరోజుల పాలల్లో మెండుగా ఉంటాయి, అవి వేడికే గడ్డకడతాయి. మామూలు పాలను ఎంతసేపు కాచినా అలా కావు. జున్నుపాలు వచ్చిన ఇల్లు వాటిని ఇరుగుపొరుగుకు పంచుతుంది. ఆ మాటకున్న పరిమళాన్ని ఇంకోదానికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. పనీరును పనీరనే అనుకుందాం.

అసలు చూడాల్సింది నామవాచకాన్ని కాదు, క్రియను. పాలు గట్టిపడే తీరును బట్టి తెలుగు వేరువేరు క్రియలు పెట్టుకుంది. పెరుగు తోడుకుంటుంది. నెయ్యి పేరుకుంటుంది. పాలు విరుగుతాయి. మొదటి రెండూ మంచి మాటలు. మూడోది నష్టం చెప్పే మాట. కొమ్మ విరిగింది, కాలు విరిగింది, మనసు విరిగింది, పాలు విరిగాయి. మా నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో పాలు పలిగినయ్ అని కూడా అంటారు. పగులు అనే మాటలో అక్షరాలు తారుమారై పలుగు అయింది. కుండ పలిగినా అదే మాట, తల పలిగినా అదే. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనిచేసే బిహారీ కూలీలు దూధ్ ఫట్ గయా అంటారు. వాళ్లకు పాలు చిరుగుతాయి. కన్నడిగులకు పాలు పగులుతాయి, తమిళులకు తిరుగుతాయి. ఏ భాషలో చూసినా పాపం పాలకు ఏదో ఒక కీడు జరిగినట్టే ఉంటుంది.

గిన్నెలో జరిగేది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. పాలల్లో కేసీన్ అనే మాంసకృత్తు సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఆ రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండడం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరదూరంగా ఉంటాయి. పులుపు పడగానే ఆ ఆవేశం తగ్గి, దగ్గరికి చేరి, కొవ్వును కూడా పట్టుకుని ముద్దకడతాయి. అంటే ఇక్కడ జరిగేది కూడిక. తెలుగు వ్యాకరణానికి ఆ సంగతి తెలిసినట్టే ఉంది. పాలు నిత్యబహువచనం. పాలు కాగుతాయి, పొంగుతాయి, విరుగుతాయి. వాటి నుంచి పుట్టిన పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను, పనీరు అన్నీ ఏకవచనాలు. క్రియ ఒక్కటే పోయిన దాన్ని చూసింది, వచ్చిన దాన్ని చూడలేదు.

ఆ చూపుకు కారణం ఉంది. కొత్తింట్లో అడుగుపెట్టగానే పాలు పొంగించే జాతి మనది. పొంగితే శుభం, విరిగితే కీడు. ఆ భయం శాస్త్రంలో ఉందనుకుంటారు చాలామంది. శాస్త్రం చూస్తే సంగతి వేరుగా ఉంది. చాతుర్మాస్య యాగాల్లో వైశ్వదేవమనే పర్వంలో కాగిన పాలలో పెరుగు పోసి విరగ్గొడతారు. గట్టిగా తేలినది ఆమిక్ష, దాన్ని విశ్వేదేవతలకు ఇస్తారు. మిగిలిన నీరు వాజినం. మీమాంసకులు దీని మీద పెద్ద చర్చే నడిపారు. పెరుగు పోసేది ఆమిక్ష కోసమా, వాజినం కోసమా, రెండింటికోసమా? ఆమిక్ష కోసమే, వాజినం వెంట వచ్చేది మాత్రమే అని తేల్చారు. అమరకోశంలోనూ ఆమిక్షకు అర్థం ఉంది. వీధిబడుల్లో పిల్లలు దాన్ని వల్లెవేసేవాళ్లు. మాట బడిలో ఉంది, పదార్థం వంటింట్లో లేదు. ఆయుర్వేదం విరిగిన పాలను నష్టదుగ్ధమనే అంది, కానీ అక్కడితో ఆగకుండా అందులోని ముద్దకు కిలాటమని, నీటికి మోరటమని పేర్లు పెట్టి గుణాలు చెప్పింది.

ఇంకా దగ్గరి సాక్ష్యం కల్యాణి చాళుక్యులది. మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో, కాగిన పాలను పులుపుతో విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, బియ్యప్పిండి కలిపి, నేతిలో వేయించి, పంచదార పట్టించే వంటకం ఉంది. పేరు క్షీరప్రకారం. అప్పటికి మన ప్రాంతమూ ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. కొలనుపాక వాళ్లకు ముఖ్య కేంద్రం. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుడులు లేవడానికి ఇంకా రెండు తరాలు పట్టింది. రాజుగారి వంటశాలలో పాలను కావాలని విరగ్గొట్టారు. ఊళ్లలో మాత్రం పాలు వాటంతటవే విరుగుతూ వచ్చాయి.

కావాలని అన్న చోటే నా ఆలోచన అంతా ఉంది. విరుగు అకర్మకం. పాలు విరిగాయంటే ఎవరూ ఏమీ చేయలేదు, జరిగిపోయిందంతే. విరుచు అనే సకర్మకం ఉన్నా దాన్ని కొమ్మకు, మెటికలకు వాడాం, పాలకు వాడలేదు. పాలు విరిచానని చెప్పుకునే ఇల్లాలు వెనకటి రోజుల్లో ఎక్కడుంది? చెప్పుకుంటే అత్తగారి మాటలు పడాలి. పనీరు వచ్చాక ఆ క్రియకు కర్త దొరికింది. లీటరు పాలు విరగ్గొట్టాను అని ఇవాళ కోదాడలో ఒకావిడ ఫోనులో సంతోషంగా చెబుతుంది. మా చిన్నమ్మ ఇంట్లో ఒక సాయంత్రం విన్న మాటలివి.

"వదినె, పాలు పలిగినయ్. పారబోస్త."

"అవి పొయ్యనియ్. రేపు మంచి పాలే పలగ్గొడదాం. పిల్లలు పనీరు కూర అంటుండ్రు."

పలగ్గొడదాం! పాత భయమంతా మోస్తున్న ధాతువుకే కొట్టు చేర్చి ఆ పనిని ఆమె తన చేతిలోకి తీసుకుంది.

మర్నాడు పలగ్గొట్టడం దగ్గరుండి చూశాను. బర్రెపాలు పొంగొచ్చేదాకా కాచి పొయ్యి కట్టేసింది. వెంటనే పులుపు పోయలేదు. మీగడ కట్టకుండా గరిటెతో తిప్పుతూ కాస్త వేడి తగ్గనిచ్చింది. నిమ్మరసంలో నీళ్లు కలిపి చెంచా చెంచాగా పోసింది. మొదట పాల అంచున సన్నని పలుకులు, తర్వాత తెల్లని తునకలు. తునకల మధ్య నీరు పాలరంగు పోయి లేత పచ్చగా తేరగానే పులుపు ఆపేసింది. ఆ పచ్చదనం రైబోఫ్లావిన్ అనే విటమిన్‌ది. అంతకుమించి నిమ్మరసం పోస్తే ముద్ద గట్టిపడి రబ్బరులా సాగుతుందట. ఉతికిన పాత పంచె ముక్కలో వడగట్టి, పులుపు పోయేలా చన్నీళ్లతో కడిగి, మూటకట్టి, పీట కింద పెట్టి పైన నీళ్ల బిందె ఎత్తింది. చట్టం ప్రకారం అమ్మే పనీరులో తేమ 60 శాతం దాటకూడదు. ఇంట్లో ఆ లెక్క చూసేది బిందె బరువే.

ఈ బర్రెపాల వెనక సాగర్ ఎడమ కాలువ ఉంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణుల్లో వరి పండితే గడ్డివాములు లేస్తాయి, గడ్డి ఉంటే బర్రెలుంటాయి. ఆవుపాల కంటే బర్రెపాలకు పనీరు ఎక్కువ తేలుతుంది, ముక్క విడిపోకుండా నిలుస్తుంది.

ముక్క కూరలో పడ్డాక మాటలన్నీ మనవే. హోటల్లో గ్రేవీ అన్నది ఇంట్లో ఇగురు అయింది. నీరు ఇగిరిపోయి మసాలా ముక్కను పట్టుకుంటే ఇగురు. ఉల్లిగడ్డ, టమాట, అల్లంవెల్లుల్లి, ధనియాలపొడి, దించేముందు కొత్తిమీర, అంతే. మీగడా జీడిపప్పూ వేయరు. పాలక్ పనీర్‌కు పాలకూర పనీరు అనే పేరు ఇట్టే అతికింది. పాలకూరలో పాలు లేవు. సంస్కృతం పాలంక్యా దగ్గరి చుట్టం అది. అయినా పాలకూర, పాలముక్క ఒకే గిన్నెలో కలిశాక ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. మా పెద్దమ్మ కూతురు గోంగూరలో పనీరు వేస్తుంది. నిమ్మపులుపుతో పుట్టిన ముక్కకు గోంగూర పులుపు కొత్తేం కాదు కాబట్టి అది కుదిరిందని నా నమ్మకం.

ఇక మిగిలిన నీరు. మీమాంసకులు వెంట వచ్చేది మాత్రమే అన్న వాజినం. తెలుగులో దానికి విరుగుడు అనే మాట ఉంది. అదే మాట విషానికి మందు అనే అర్థంలోనూ వాడతాం. విషం బలాన్ని విరిచేది విరుగుడు, పాలు విరగ్గా తేరింది విరుగుడు. ఇంత మంచి మాటను వాడుకలో వదిలేసి ఇళ్లల్లో పనీరు నీళ్లు అంటున్నారు. విరుగుడు అనాలని నా కోరిక. చపాతీపిండి దాంతో తడిపితే మెత్తగా వస్తుంది, పప్పుచారులో పోస్తే చింతపండు తగ్గించుకోవచ్చు.

మా చిన్నమ్మ మాత్రం అంతా వాడేయదు. ఒక గిన్నెడు మూతపెట్టి రాత్రంతా పులవనిచ్చి, మర్నాడు పాలు పలగ్గొట్టడానికి నిమ్మకాయ బదులు దాన్నే పోస్తుంది. నిమ్మరసమంత పులుపు ఉండదు గనక ఎక్కువ పోయాలి, కానీ ముక్క మెత్తగా వస్తుందంటుంది. పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి "వదినె, ఇంత పనీరు తోడు పొయ్యి" అని అడిగి పట్టుకుపోతుంది. పెరుగుకు వాడే ఆ తోడు అనే మాట విరుగుడు మీదికి ఎలా చేరిందో వాళ్లలో ఎవరినడిగినా, "మరేమంటరు?" అన్నారు.