అంబాసిడర్ గేర్‌బాక్స్ మోత

గుంటూరు మిర్చి యార్డు దారిలోనూ, ప్రకాశం పల్లెల్లోనూ తిరిగిన అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా కారు ఇది. పాత బండికి నాలుగు గేర్లే. ఇసుజు ఇంజను రకానికి ఐదు, ఐదోది ఓవర్‌డ్రైవ్.

మోత ఎక్కడిదో పెట్టె విప్పకముందే చాలావరకు తేలుతుంది. న్యూట్రల్‌లో మోగి, క్లచ్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగునో లేషాఫ్టునో అనుమానించాలి. తొక్కినప్పుడే మొదలైతే గేర్‌బాక్స్ తప్పు కాదు, రిలీజ్ బేరింగుది. నాలుగో గేరు డైరెక్టు. లేషాఫ్టు మీద బరువు పడదు కాబట్టి అందులో మోత తగ్గుతుంది.

తీసిన ఆయిలులో ఇత్తడి పొడి మెరిస్తే సింక్రో రింగులు అరిగినట్టే. ఇనుప రజను అయస్కాంతానికి అంటితే పళ్లో, బేరింగులో.

చిక్కటి ఆయిలు పోసి మోత అణిచి అమ్మేవారూ ఉంటారు. కొనేవారు బండి బాగా వేడెక్కాకే అన్ని గేర్లలో నడిపి చూడాలి.