బందరు నమూనా, కంప్యూటర్ దావా

మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కొలువులు చేస్తున్నారు. "రోజంతా ఏం చేస్తావు బేటా?" అని నానీ అడిగితే "జాంచ్ చేస్తా నానీ" అంటారు. ఆ జాంచ్ తవారీఖ్‌ని మన బందరు నుంచే మొదలుపెట్టవచ్చు.

బందర్ అంటే ఫార్సీలో ఓడరేవు. గోల్కొండ కుతుబ్ షాహీల జమానాలో మచిలీపట్నం వాళ్ల పెద్ద రేవు. 1611లో ఇంగ్లిష్ కంపెనీ ఓడ గ్లోబ్ ఇక్కడికి చేరింది. డచ్చివాళ్లు అంతకుముందే దిగారు. అందరికీ కావలసింది మన కపడా. కంపెనీలు వర్తకులకు బయానా ఇస్తే, వాళ్లు నేతగాళ్లకు పంచేవారు. తానులు కోఠీకి చేరాక అసలు తనిఖీ. అక్కడొక నమూనా గుడ్డ భద్రంగా ఉండేది. కంపెనీ కాగితాల్లో దాని పేరు 'మస్టర్', పోర్చుగీసు నుంచి వచ్చిన మాట (ఉపాధి హామీ పనుల మస్టరు వేరు లెండి). వచ్చిన ప్రతి తానునూ దానితో పోల్చి దర్జాలు కట్టేవారు. తక్కువైతే ధరలో కోత, లేదా వాపస్.

తాను తానుకూ కొత్తగా వాదన అక్కర్లేదు. ఒకే నమూనా, వందల తానులు. కాకపోతే నమూనా ఉండేది కొనేవాడి చేతిలో, కోత పడేది నేతగాడి మజూరీ మీద. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం. 1949 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన సమావేశంలో అలన్ ట్యూరింగ్ ఒక చిన్న పత్రం చదివాడు. పెద్ద ప్రోగ్రామ్ సరైనదని ఎలా తేల్చాలి? ఆయన మిసాల్ ఒక కూడిక. అట్టడుగున మొత్తం ఒక్కటే రాసిస్తే, తనిఖీ చేసేవాడు హిసాబ్ అంతా మళ్లీ చేయాలి. ఒక్కో నిలువు వరుస మొత్తం విడివిడిగా రాసిస్తే ముక్కలుగా సరిచూడొచ్చు. అలాగే ప్రోగ్రామ్ రాసినవాడే మధ్యమధ్యలో "ఇక్కడికొచ్చేసరికి విలువ ఇలా ఉండాలి" అని పెట్టాలన్నాడు. దీన్నే అసర్షన్ అంటారు. ఉర్దూలో చెప్పాలంటే దావా. తెలుగులో ఈ మాట కోర్టుకెక్కి కూర్చుంది గానీ, అసలు మానీ "ఇది ఇంతే" అని నిలబడి చెప్పడమే. తర్వాత 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ (ఈయన పుట్టింది కొలంబోలో) దీన్ని పక్కా గణితంగా మలిచారు.

పండితుల దావాను మామూలు ప్రోగ్రామర్ల చేతికి తెచ్చినవాటిలో జేయూనిట్ ముఖ్యమైనది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని దీన్ని మొదలుపెట్టారు. "ఇది నిజమేనా?" అని అడిగితే అవును, కాదు అని చెబుతుంది. కాదంటే ఎందుకు కాదో? వివరం రాసిపెట్టకపోతే ఖామోష్.

ఆ కొరత తీర్చినవాటిలో హామ్‌క్రెస్ట్ ఒకటి. మ్యాచర్స్ అనే ఇంగ్లిష్ మాటలోని అక్షరాలను తారుమారు చేసి పెట్టిన పేరది. ఒక్కో మ్యాచర్ ఒక్కో నమూనా గుడ్డ అనుకోండి. ఒక షరతును ఒకసారి రాసి, పేరు పెట్టి, కావలసిన చోటల్లా వాడుకోవచ్చు. తప్పితే ఏం ఆశించాం, ఏం దొరికిందో తఫ్సీల్‌గా చెబుతుంది. 2007లో జేయూనిట్ తన 4.4 వెర్షన్‌లో దీన్ని కలుపుకుంది. పైగా దీని కోడ్ ఎవరైనా చదవొచ్చు. రాసినవాడికీ, జాంచ్ చేసేవాడికీ కనిపించేది ఒకే నమూనా. బందరు నేతగాడికి ఆ సౌలత్ లేదు.

ఇలా ఊహించండి. ఒక యాప్‌లో మొబైల్ నంబర్ అడిగే చోట్లు నాలుగు. పది అంకెలుండాలన్న షరతు నాలుగు టెస్టుల్లో విడివిడిగా రాశారు. రేపు ముందు 91 కూడా చేర్చాలన్నారు. మూడు చోట్ల మార్చి నాలుగోది మరిచిపోవడం ఎంత ఆసాన్! 'సరైన మొబైల్ నంబర్' అని ఒకే మ్యాచర్ ఉంటే మార్పు ఒక్క చోటే.

ఖతరా కూడా అక్కడే ఉంది. నమూనాయే తప్పయితే నాలుగు చోట్లా తప్పు దర్జాగా పాసవుతుంది. అందుకే తెలిసిన టెస్టర్లు ముందు ఆ మ్యాచర్‌నే జాంచ్ చేస్తారు. కావాలనే ఒక అంకె తగ్గించి, ఒక అక్షరం ఇరికించి, ఖాళీగా వదిలేసి, వాపస్ కొడుతుందో లేదో చూస్తారు.