నవాబుల చరిత్ర, పఠాన్ల చరిత్ర

చరిత్ర ఎవరిదని అడిగే ముందు, దాన్ని రాసిందెవరని అడగాలి. రాయలసీమ పఠాన్ల విషయంలో ఇది మరింత అవసరమని నేను భావిస్తున్నాను.

కడపను మియానా వంశపు పఠాన్ నవాబులు ఏలారు. 18వ శతాబ్దంలో గుర్రంకొండ వారి ఏలుబడి కిందికి వచ్చింది. హైదర్ అలీ చేతిలో ఆ వంశం కూలింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. 1839లో కంపెనీ కర్నూలు నవాబును కూడా గద్దె దింపింది. ఈ కథ మనకు ప్రధానంగా మెకంజీ సేకరించిన కైఫీయతుల ద్వారా, జిల్లా మాన్యువళ్ల ద్వారా అందింది. ఒకదాంట్లో కరణాల కలం, మరొకదాంట్లో దొరల కలం. కోటలు పోయాక సిపాయి కుటుంబాలు ఎట్లా బతికాయని అడిగితే ఆ కాగితాలు దాదాపు మూగవే.

పఠాన్లు తమ చరిత్ర తాము రాసుకోలేదా? రాసుకున్నారు. 1613 నాటికి దక్కను వాకిట, బుర్హాన్‌పూర్‌లో, నియామతుల్లా ఆఫ్ఘన్ల చరిత్రను పారసీలో పూర్తి చేశాడు. రాయించింది ఖాన్ జహాన్ లోదీ అనే మొగల్ అమీరు. కనుక అది వంశవృక్షాల చరిత్ర అయింది. మూడు శతాబ్దాల తర్వాత, 1928లో, అబ్దుల్ గఫార్ ఖాన్ 'పఖ్తూన్' పత్రికను పష్తో భాషలో స్థాపించాడు. 1930 ఏప్రిల్ 23న పెషావరు కిస్సా ఖ్వానీ బజారులో తెల్లవాడి తుపాకులు పేలాయి. అప్పటినుంచి వారి జ్ఞాపకంలో అమీరు పక్కన నిరాయుధుడైన రైతు కూడా నిలబడ్డాడు. ఇది సామాన్యమైన మార్పు కాదు.

అదే 1928లో నంద్యాల సభ 'దత్తమండలం' అన్న అవమానకరమైన పేరు వదిలి, 'రాయలసీమ' అన్న పేరు పెట్టింది. ఆ ఆత్మగౌరవం న్యాయమైనదే. కాని ఆ పేరులో రాయలు మిగిలారు. తర్వాతి పఠాన్ల కాలానికి చోటు దొరకలేదు.

ఈ మౌనానికి నేటి బతుకులో మూల్యముంది. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లు కల్పించిన 2007 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పఠాన్లను మినహాయించింది. నవాబు పోయినా నవాబు నీడ పేదవాడి ఇంటిపేరు మీద మిగిలింది!

1998 నాటి 'జల్‌జలా' సంకలనంతో ముస్లిం కవులు తెలుగులో తమ గొంతు తాము వినిపించారు. చరిత్ర రచనలో ఆ పని ఇంకా జరగవలసే ఉంది. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాల విద్యార్థులు ఈనాం పత్రాలను, దర్గాల ఉరుసులను, ముసలివాళ్ల ఉర్దూ మాటలను వెదకాలి. అయితే మళ్లీ వంశవృక్షమే గీస్తే, పక్కింటి దూదేకులవాడు ఆ కొమ్మల్లో ఎక్కడా కనిపించడు. అతనికి చోటివ్వని చరిత్రను ప్రజల చరిత్ర అనలేం.