వినైల్ పలకల నేల

వినైల్ పలకలు పాలీవినైల్ క్లోరైడ్‌తో తయారై, గచ్చుపై పరచబడే పలుచని పలకలు. ముద్రిత పొర వలన ఇవి కర్రవలె, రాతివలె కనిపిస్తాయి. వినైల్ నేలను 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ప్రదర్శించారు.

అడుగు నేల తయారీ

అడుగు నేలలోని గుంటలు, మిట్టలు, ఇసుక రేణువులు సైతం కాలక్రమమున పలకపై తేలి కనిపిస్తాయి. సాధారణంగా 3 మీటర్ల పొడవులో హెచ్చుతగ్గులు 5 మిల్లీమీటర్లకు మించరాదు. కాంక్రీటులోని తేమ జిగురును వదులు చేస్తుంది కావున దానిని ముందుగా కొలవాలి. అమెరికాలో 1980 దశకానికి పూర్వం వేసిన పలకలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుంది. అందువలన పరీక్షించకుండా వాటిని అరగదీయరాదు, పగులగొట్టరాదు.

అమరిక

పలకలను గది ఉష్ణోగ్రతకు అలవాటుపడుటకు సాధారణంగా 48 గంటలు అక్కడే ఉంచుతారు. జిగురుతో అతికించే పలకలను బరువైన రోలరుతో అదుముతారు. ఒకదానికొకటి బిగించే రకానికి వ్యాకోచం కొరకు గోడల వెంబడి ఖాళీ వదలుతారు.