సౌదీ పాటను మార్చింది తెర కాదు, టేపు

1985 జూన్‌లో అమెరికా అంతరిక్ష నౌక డిస్కవరీ నింగికి ఎగిరినప్పుడు అందులో సౌదీ రాజకుమారుడు సుల్తాన్ బిన్ సల్మాన్ ఉన్నాడు. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అరబ్బు ఆయనే. అరబ్ దేశాలు ఉమ్మడిగా రియాద్ కేంద్రంగా పెట్టుకున్న అరబ్‌శాట్ సంస్థ రెండో ఉపగ్రహాన్ని ఆ నౌకే మోసుకెళ్లి కక్ష్యలో వదిలింది. మొదటి ఉపగ్రహం అదే ఏడాది ఫిబ్రవరిలో ఏరియన్ రాకెట్ మీద వెళ్లింది. అప్పటికి అమెరికాలో ఎంటీవీ మొదలై నాలుగేళ్లు కావస్తోంది. 1981 ఆగస్టు 1న పుట్టిన ఆ చానల్ పాటను చూసే వస్తువుగా మార్చేసింది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాటకు 1983 చివర్లో పద్నాలుగు నిమిషాల చిన్న సినిమాయే తీశారు. సౌదీ చేతిలో ఉపగ్రహం ఉంది, చమురు డబ్బు ఉంది, ఇంటింటా కలర్ టీవీ ఉంది, అరబ్ ప్రపంచమంతా చెవులప్పగించి వినే గాయకులున్నారు. అయినా ఆ దశాబ్దంలో అక్కడ సంగీతానికంటూ ఒక్క చానల్ కూడా రాలేదు. పాట మాత్రం ఉన్నచోటే ఉండిపోలేదు. రికార్డయ్యే తీరు, అమ్ముడయ్యే తీరు, చేరే మనుషులు, అన్నీ ఆ పదేళ్లలో తారుమారయ్యాయి. ఎనభైల్లో పాప్ సంగీతాన్ని మ్యూజిక్ టెలివిజన్ మార్చిందనే మాట అమెరికాకూ బ్రిటన్‌కూ సరిపోతుంది. సౌదీలో ఆ పని చేసింది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ క్యాసెట్టు. ఒక యంత్రం సంగీతాన్ని ఎంత మారుస్తుందన్నది దాని శక్తి మీద కంటే అది ఎవరి అదుపులో ఉందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుందని నా వాదన. అందుకు సౌదీని మించిన ఉదాహరణ నాకు కనబడదు.

అక్కడ టీవీ పుట్టుకే గొడవలతో మొదలైంది. అరామ్‌కో చమురు కంపెనీ తన ఉద్యోగుల కోసం 1957లోనే దహ్రాన్‌లో ఒక స్టేషన్ నడిపినా, ప్రభుత్వ టీవీ వచ్చింది 1965లో, ఫైసల్ రాజు హయాంలో. బొమ్మలు చూపడం మతవిరుద్ధమని సంప్రదాయవాదులు అడ్డుపడ్డారు. ఆ ఆందోళనలోనే రాజకుటుంబీకుడు ఖాలిద్ బిన్ ముసాయిద్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పదేళ్ల తర్వాత, 1975 మార్చిలో, ఫైసల్ రాజును కాల్చి చంపింది ఆ ఖాలిద్ తమ్ముడే. ఇంత నెత్తురు చిందిన చోట తెర మీద ఏది కనబడాలన్నది వినోదానికి సంబంధించిన ప్రశ్నగా మిగలదు, రాజ్యానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. అయినా మొదట్లో టీవీ పాటను బాగానే ఆదరించింది. సైనిక బ్యాండులో శిక్షణ పొందిన తారిక్ అబ్దుల్ హకీం జానపద వరుసలను వాద్యబృందానికి ఎక్కించే దారి వేశాడు. తలాల్ మద్దాహ్, మహమ్మద్ అబ్దూ ఇళ్లల్లో పరిచయమైన ముఖాలయ్యారు. ఆడవాళ్ల గొంతులూ వినబడేవి. 1979 నవంబర్ 20న జుహైమాన్ అల్ ఉతైబీ ముఠా మక్కా పెద్ద మసీదును ఆక్రమించి రెండు వారాల పాటు పట్టుకుని కూర్చుంది. సైన్యం దాన్ని విడిపించింది. కానీ ఆ తర్వాత ప్రభుత్వం మతపెద్దలను దగ్గరకు తీసుకోవాలని నిర్ణయించుకుంది. గాయనులు టీవీ తెర నుంచి మాయమయ్యారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పడమటి దేశాల్లో తెర పాటకు తలుపులు బార్లా తెరుస్తున్న ఏళ్లలోనే సౌదీ తెర పాట మీద తలుపు ఓరగా వేసింది.

ఆ మూసుకున్న తలుపు పక్కనుంచే క్యాసెట్టు లోపలికొచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో చేసిన ఈ వస్తువు 1973-74లో చమురు ధర సుమారు నాలుగింతలయ్యాక సౌదీలో వెల్లువలా అమ్ముడైంది. కొత్త రోడ్లు, కొత్త కార్లు, ప్రతి కారులోనూ టేపు. జెద్దా నుంచి రియాద్‌కు ఎడారి దారిన తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రేడియో అందని చోట కూడా క్యాసెట్టు పాడుతుంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక పక్క ముప్పై నిమిషాలు. గ్రామఫోను రికార్డు పాటను మూడు నాలుగు నిమిషాలకు కత్తిరించింది, మ్యూజిక్ వీడియో కూడా దాదాపు అంతకే కట్టడి చేసింది. అరబ్బు పాట అంతలో ఇమడదు. ముందు ఊద్ అనే వాద్యం తీగల మీద రాగాన్ని విప్పాలి, ఒక చరణాన్ని పదేపదే తిప్పి పాడాలి, విన్నవాళ్లు మెచ్చుకుంటే మళ్లీ పాడాలి. క్యాసెట్టు ఆ తీరికను పోనివ్వలేదు. అంతేకాదు, 'జల్సా' అనే ఇంటి కచేరీని అంగడికి తెచ్చింది. నాలుగు గోడల మధ్య ఒక గాయకుడు, ఒక ఊద్, వేళ్లతో వాయించే మిర్వాస్ అనే చిన్న డప్పు, మహా అయితే ఒక వయొలిన్. అలాంటి కూటములను రికార్డు చేసిన క్యాసెట్లు ఊళ్లు దాటి తిరిగాయి. అబాదీ అల్ జోహర్ ఊద్ విద్వత్తు జనానికి చేరడంలో ఈ జల్సా టేపులది పెద్ద పాత్ర. టీవీ స్టూడియోకు అనుమతులు, వాద్యబృందం, సెన్సారు కావాలి. జల్సాకు ఒక మైకూ ఒక టేపు రికార్డరూ చాలు.

తెర పక్కకు నెట్టిన వాళ్లను టేపే నిలబెట్టింది. ఇతాబ్ అనే గాయని 1980లలో కైరోకు వెళ్లి స్థిరపడింది. ఆమె గొంతు మాత్రం సౌదీ కార్లలో, ఇళ్లలో వినబడుతూనే ఉంది. ఆడవాళ్లకే పరిమితమైన పెళ్లి వేడుకల్లో డప్పులు వాయిస్తూ పాడే మహిళా బృందాలున్నాయి, వాళ్లను 'తఖ్ఖాఖాత్' అంటారు. తెర మీద కనబడడమన్న ప్రశ్నే వాళ్ల విషయంలో తలెత్తలేదు. వాళ్ల పాటలూ క్యాసెట్లకెక్కి అమ్ముడయ్యాయి. ముఖం చూపకుండా గొంతుతో చలామణీ కావడం ఎంటీవీ కాలపు అమెరికన్ గాయనికి నష్టం. సౌదీ గాయనికి అదే బతుకుదెరువు. ఒకే దశాబ్దంలో ఒకచోట రూపం లేనిదే పాటకు గిరాకీ లేదు, ఇంకోచోట రూపం కనబడకపోవడం వల్లే పాట బతికింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ సంగతే.

క్యాసెట్టే ఆనాటి అసలు మాధ్యమమని చెప్పడానికి మరో గట్టి సాక్ష్యం సంగీతాన్ని వ్యతిరేకించిన వాళ్ల నుంచే వస్తుంది. ఈజిప్టు బోధకుడు అబ్దుల్ హమీద్ కిష్క్ ప్రసంగాలు అరబ్ దేశాలన్నిటా టేపుల మీదే తిరిగాయి. 1978-79లో ఇరాన్‌లో ఖొమేనీ మాట ఊరూరా చేరిందీ వాటి మీదే. సౌదీలో 'సహ్వా' అనే మత పునరుజ్జీవన ఉద్యమ బోధకులు సల్మాన్ అల్ అవ్దా, సఫర్ అల్ హవాలీ కూడా దీన్నే నమ్ముకున్నారు. పాట వినడం పాపమని బోధించే టేపులూ పాటల టేపులూ ఒకే సైజు, ఒకే యంత్రం. వాద్యాలు నిషిద్ధమన్నప్పుడు గొంతుల మీదే నడిచే 'నషీద్' అనే మతగీతం క్యాసెట్టు మీద ఒక ప్రత్యేక ప్రక్రియగా ఎదిగింది. బృందంగా పాడిన గొంతులను ఒకదాని మీద ఒకటి పేర్చి, వాద్యం లేని లోటు తెలియకుండా చేశారు. దాన్ని సంగీతం అనకూడదని దాని అభిమానులే అంటారు. కానీ చరిత్రకారుడు దాన్ని ఎనభైల సౌదీ జనసంగీతంలో భాగంగా లెక్కించకపోతే పొరపాటే. టీవీ అయితే ప్రభుత్వం మీట నొక్కితే ఆగుతుంది. ఇంట్లో రెండు టేపు డెక్కులు పక్కపక్కన పెట్టుకుని కాపీ చేసుకునే దాన్ని ఎవరూ ఆపలేరు. గాయకుడికి రావలసిన సొమ్మును మింగింది కూడా ఈ కాపీయేనన్నది నిజం. సౌదీలో తొలి కాపీరైటు చట్టం 1989లో గానీ రాలేదు. అప్పటిదాకా దొంగ క్యాసెట్టు మీద ఫిర్యాదు చేసుకునే దారి కూడా సరిగా లేదు. పాటను ఊరూరా చేర్చిన చేతులే పాటగాడి జేబు కొట్టాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. టీవీ పూర్తిగా మూగపోలేదు కదా, మగ గాయకులు పాడుతూనే ఉన్నారు కదా అని. ఉన్నారు. రాజకుమారుడు, కవి బద్ర్ బిన్ అబ్దుల్ మొహసిన్ రాయగా మహమ్మద్ అబ్దూ పాడిన దేశభక్తి గీతం 'ఫౌగ్ హామ్ అస్సుహుబ్' ఆ దేశంలో దాదాపు రెండో జాతీయగీతం అయింది. తెర ఇలాంటి పాటలను పెంచింది, కాదనను. అయితే అది రాజ్యం అడిగిన పాట. ప్రేమపాట, విరహపాట, పెళ్లిపాట, రాత్రి కూటంలో పాడుకునే పాట తెరను నమ్ముకుని బతకలేదు. వీసీఆర్ సంగతో అని ఇంకొకరు అడగవచ్చు. సినిమా హాళ్లు లేని దేశంలో వీసీఆర్ ఇంటింటికీ చేరింది నిజమే. కానీ అది తెచ్చింది ఈజిప్టు సినిమాలను, హాలీవుడ్‌ను, మన బొంబాయి సినిమాలను. సౌదీ పాటకు కొత్త దృశ్యరూపాన్ని అది ఇవ్వలేదు.

రెండో అభ్యంతరానికి ఇంకా బలముంది. మార్పు తెచ్చింది టీవీ కాదు, క్యాసెట్టూ కాదు, ఎలక్ట్రానిక్ కీబోర్డేనని వాదించేవాళ్లున్నారు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది, వేర్వేరు కంపెనీల యంత్రాలను కలిపే మిడీ పద్ధతీ అదే ఏడాది వచ్చింది. గల్ఫ్‌లో 'ఆర్గ్' అని పిలిచే ఈ కీబోర్డు మోగని పెళ్లి లేకుండా పోయింది. ఈ వాదనను నేను సగం ఒప్పుకుంటాను. పియానో కీబోర్డులో స్థాయికి పన్నెండు స్వరాలే. రాస్త్, బయాతీ వంటి మఖాముల్లో, అంటే అరబ్బు రాగాల్లో, ఆ పన్నెండింటి మధ్య సందుల్లో పలికే స్వరాలున్నాయి. ఊద్ మెడ మీద మెట్లుండవు కాబట్టి వేలు ఎక్కడ పెడితే అక్కడ ఆ స్వరం పలుకుతుంది, కీబోర్డు మీద పలకదు. నహావంద్, కుర్ద్ వంటి మఖాములకు ఆ ఇబ్బంది లేదు, పన్నెండు స్వరాల్లో ఇమిడిపోతాయి. యంత్రానికి వీలైన మఖాముల వైపు సంగీతకర్త చెయ్యి మొగ్గడం సహజం. పావు స్వరాల మీట ఉన్న కీబోర్డులు జపాన్ కంపెనీల నుంచి వచ్చేదాకా ఈ ఒత్తిడి తగ్గలేదు. హార్మోనియం వచ్చినప్పుడు గమకానికి ఏమైందో ఎరిగిన తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కాబట్టి పాట నాదాన్ని కీబోర్డు మార్చింది, నిజం. కానీ ఏ పాట ఎవరికి చేరాలన్నది దాని చేతిలో లేదు. పక్కనే ఊద్ జల్సా టేపు కూడా అమ్ముడవుతుండడం వల్లే పాత మఖాములు చెవుల్లోంచి చెరిగిపోలేదు.

మరి మ్యూజిక్ టెలివిజన్ అసలు రానేలేదా? వచ్చింది, సౌదీ డబ్బుతోనే వచ్చింది, కానీ సౌదీ బయట. ఎంబీసీ ఉపగ్రహ చానల్ 1991లో లండన్‌లో మొదలైంది. షేక్ సాలెహ్ కామెల్ ఏఆర్‌టీ 1993లో, ఆర్బిట్ 1994లో రోమ్ నుంచి వచ్చాయి. 1994లో సౌదీ ప్రభుత్వం డిష్ యాంటెన్నాలను నిషేధించింది, ఇళ్ల మీద మాత్రం అవి మొలుస్తూనే పోయాయి. 1987లో రియాద్‌లో క్యాసెట్ల కంపెనీగా పుట్టిన రొటానా తర్వాత రాజకుమారుడు అల్వలీద్ బిన్ తలాల్ చేతికి వచ్చి, పాటల చానళ్లు పెట్టి, అరబ్ ప్రపంచంలోనే పెద్ద సంగీత సంస్థ అయింది. క్యాసెట్టు వ్యాపారమే రేపటి తెరకు పునాది వేసిందన్న మాట. బేరూత్‌లో, కైరోలో తీసిన క్లిప్పుల్లో లెబనాన్, ఈజిప్టు తారలు వెలిగారు. అంటే సౌదీ ఆలస్యంగా అదే దారి తొక్కిందంతే కదా అంటే, నేను ఒప్పుకోను. ఆ ఎడంలో సౌదీ శ్రోత చెవి గట్టిపడింది. కవిత్వానికీ గొంతుకీ అలవాటైన ఆ చెవి కనులపండువను చూసి మురిసినా, దాన్నే పాట అనుకోలేదు. తలాల్ మద్దాహ్ 2000 ఆగస్టులో అబహా వేదిక మీద ఊద్ వాయిస్తూ కుప్పకూలి చనిపోయినప్పుడు అరబ్ దేశాలన్నీ విలపించింది ఒక గొంతు కోసం. 2017 జనవరిలో జెద్దాలో మళ్లీ బహిరంగ కచేరీ జరిగినప్పుడు వేదిక ఎక్కింది అరవై ఏడేళ్ల మహమ్మద్ అబ్దూ. దశాబ్దాల పాటు తెర కంటే గొంతు మీదే ఎక్కువగా నిలిచిన గాయకుడికే ఆ ఆదరణ దక్కింది.

ఈ కథలో మనవాళ్ల వాటా కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి సౌదీ వెళ్లినవాళ్లు సెలవుకి తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు ఆ కాలపు తెలుగిళ్లలో గొప్ప ఆస్తి. ఫోను కాల్ అంటే ఖరీదైన రోజుల్లో ఖాళీ టేపులో మాటలు నింపి ఇంటికి పంపుకున్నవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లోనే వచ్చినా, తెర మీద సినిమా పాటకు దొరికింది వారానికో అరగంట. ఈటీవీ, జెమిని 1995లో వచ్చేదాకా పల్లెపాటను, భజనను, ఉద్యమ గీతాన్ని మోసిందీ క్యాసెట్టే. సౌదీలో ఇప్పుడు సంగీతానికి ప్రభుత్వ కమిషన్ ఉంది, జెద్దా పాతబస్తీలో తారిక్ అబ్దుల్ హకీం పేరిట మ్యూజియం ఉంది. మన దగ్గర గల్ఫ్ నుంచి వచ్చిన టేపుల కోసం అలాంటి చోటు లేదు. అయస్కాంత టేపు ఆయుష్షు కొన్ని దశాబ్దాలే. తేమకు అతుక్కుపోతుంది, పైపూత రాలిపోతుంది, ఒకసారి పోయిన ధ్వని మళ్లీ రాదు. మీ ఇంటి అటక మీద అలాంటి డబ్బా ఏదైనా ఉంటే, అందులో పాటలున్నా మాటలున్నా, ఈ ఏడాదే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.