ఆర్టీఏ ఇచ్చే పుస్తకంలో ఫ్రెంచ్ పేజీ ఎందుకుంది? ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వెనక కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న పుస్తకం గురించి. చదువుకునే పుస్తకం కాదు. మన ఆర్టీఏ ఆఫీసులో 1000 రూపాయల ఫీజు కడితే ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, షార్ట్‌గా ఐడీపీ. జపానో, థాయిలాండో, అమెరికానో వెళ్లేముందు చాలామంది తీసుకుంటారు. బ్యాగులో పడేస్తారు. ఒక్క పేజీ తిప్పి చూడరు. తిప్పితే ఒక వింత కనిపిస్తుంది. ఫ్రెంచ్‌లో ఒక పేజీ ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇచ్చిన కాగితంలో ఫ్రెంచ్‌కి ఏం పని?

దీనికి జవాబు కావాలంటే 1909కి వెళ్లాలి.

అప్పటికి యూరప్‌లో కారు కొత్త వస్తువు. డబ్బున్నవాళ్లు కారేసుకుని పక్క దేశాలకి షికారు వెళ్లడం మొదలుపెట్టారు. కానీ ఏ దేశం రూల్ ఆ దేశానిదే. ప్యారిస్‌లో 1893 నుంచే పోలీసులు నడపడం వచ్చని సర్టిఫికెట్ ఉండాలన్నారు. బ్రిటన్‌లో చూస్తే, 1903 చట్టం ప్రకారం అయిదు షిల్లింగులు కడితే లైసెన్స్ వచ్చేది. టెస్ట్ లేదు! అక్కడ డ్రైవింగ్ టెస్ట్ తప్పనిసరి అయింది 1935లో. ఇప్పుడు ఒక లండన్ ఆసామి కారుతో ఫ్రాన్స్‌లో దిగాడనుకోండి. ఇతనికి నడపడం వచ్చా? ఆ కారు బ్రేకులు పనిచేస్తాయా? ఫ్రెంచ్ పోలీసుకి ఎవరు చెప్పాలి? పైగా సరిహద్దులో కస్టమ్స్ వాళ్లతో ఇంకో పేచీ.

ఈ గొడవ తీర్చడానికి దేశాలన్నీ ప్యారిస్‌లో కూర్చుని 1909 అక్టోబర్ 11న ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. అందులో తేల్చినవి మన ఇప్పటి జీవితంలో కూడా ఉన్నాయి. ఒకటి, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, ఏడాది పాటు చెల్లుతుంది. రెండు, కారు వెనక కోడిగుడ్డు ఆకారంలో ఒక ప్లేటు, దాని మీద దేశం పేరుకి అక్షరాలు. మూడు, అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండే హెచ్చరిక బోర్డులు, మొత్తం నాలుగు: ఎగుడుదిగుడు, మలుపు, కూడలి, రైల్వే గేటు. భాష రాకపోయినా బొమ్మ చూసి అర్థం చేసుకోవాలన్న ఐడియా అది. అప్పట్లో దేశాల మధ్య ఒప్పందాల భాష ఫ్రెంచే. మన పుస్తకంలో ఆ పేజీ అప్పటి అలవాటుకి మిగిలిన గుర్తు. తర్వాత 1949లో జెనీవాలో రాసుకున్న ఒప్పందం కూడా చివరి పేజీ ఫ్రెంచ్‌లోనే ఉండాలంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఐడీపీ లైసెన్స్ కాదు. మీ లైసెన్స్‌కి తర్జుమా, దానికి మన ప్రభుత్వం పెట్టిన సాక్షి సంతకం. "ఈ మనిషిని మా దగ్గర పరీక్ష పెట్టి పాస్ చేశాం, నమ్మండి" అని ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి చెప్పడం, అంతే. అందుకే ఆర్టీఏ దీనికోసం మళ్లీ టెస్ట్ పెట్టదు.

మరి ఈ మాట ఎవరు నమ్ముతారు? ఒప్పందంలో ఉన్నవాళ్లు. 1926లో ప్యారిస్‌లో ఒకటి, 1949లో జెనీవాలో ఒకటి, 1968లో వియన్నాలో ఇంకోటి. ఒక ఒప్పందం రావడంతోనే పాతది పోలేదు. కొన్ని దేశాలు అందులో, కొన్ని ఇందులో ఉండిపోయాయి. ఇండియా 1949 జెనీవా గుంపులో ఉంది. జపాన్ కూడా అందులోనే. అందుకే మన ఆర్టీఏ పుస్తకం టోక్యోలో పనిచేస్తుంది. జర్మనీ వాళ్లు ఆ గుంపులో లేరు. కాబట్టి అంత కార్ల దేశం నుంచి వచ్చినవాడు కూడా తన దేశపు ఐడీపీతో జపాన్‌లో నడపలేడు, లైసెన్స్‌కి జపనీస్ తర్జుమా విడిగా చేయించుకోవాలి. చూశారా, బండి ఎంత బాగా నడుపుతాడన్నది లెక్కలోకే రాలేదు. ఎవరు ఎవరితో సంతకం పెట్టారన్నదే లెక్క. చైనా అయితే ఈ పుస్తకాన్నే గుర్తించదు, అక్కడి లైసెన్స్ అక్కడే తీసుకోవాలి.

"పదేళ్లు, ప్రపంచమంతా చెల్లే ఇంటర్నేషనల్ లైసెన్స్" అని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. 1949 పుస్తకం గడువు ఒక్క ఏడాదే. మన లైసెన్స్ ఇచ్చిన వ్యవస్థ తప్ప ఇంకెవరూ మన గురించి సాక్ష్యం చెప్పలేరు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా ఇలాంటి నకిలీల గురించి హెచ్చరించింది. మన దగ్గర కూడా ఒక్కో రాష్ట్రం ఒక్కో సైజులో, ఒక్కో రంగులో ఇచ్చేది. విదేశాల్లో అడ్డుపడుతోందని 2022 ఆగస్టులో కేంద్రం ఒకే నమూనా చేసి, క్యూఆర్ కోడ్ పెట్టించింది.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటుకి వద్దాం. పుస్తకంలో ఏ, బీ, సీ, డీ, ఈ అని గళ్లు ఉంటాయి. ఏ అంటే టూవీలర్, బీ అంటే కారు. ఇండియాలో మీ లైసెన్స్ దేనికుంటే ఆ గడికే ముద్ర పడుతుంది. కారు లైసెన్స్ మాత్రమే ఉన్న కుర్రాడు ఫుకెట్‌లో స్కూటర్ అద్దెకి తీసుకున్నాడనుకోండి. షాపువాడు ముద్ర చూడడు, డబ్బు చూస్తాడు. "వాడే ఇచ్చాడు కదా బ్రో" అంటే కుదరదు. చట్టం దృష్టిలో అతను లైసెన్స్ లేకుండా నడుపుతున్నాడు. పోలీసు వేసే ఫైన్ చిన్న విషయం. జారి పడి కాలు విరిగితే, చెల్లే లైసెన్స్ లేకుండా నడిపినందుకు ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిప్పి కొట్టొచ్చు. హాస్పిటల్ బిల్లు ఇంట్లో అమ్మానాన్నల నెత్తిన పడుతుంది. కొండ దారుల్లో స్కూటర్ మీద రీల్ తీసే ముందు ఆ ఒక్క గడి చూసుకోండి, ప్లీజ్.

సరే, కాగితాల గొడవ దేశాలు కలిసి కొంతవరకు తీర్చాయి. తీర్చలేనిది ఒకటి మిగిలింది: ఎడమా, కుడా? జెనీవాలో కూడా ఏదో ఒకటి అని తేల్చలేకపోయారు. ఒక దేశం లోపల మాత్రం ఒకటే పక్క ఉండాలన్నారు. ఆ మాట ఒక ద్వీపాన్ని మార్చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేతిలో ఉన్నప్పుడు ఒకినావాలో కుడి పక్క నడిపేవారు. 1972లో అది జపాన్‌కి తిరిగొచ్చింది. జపాన్‌లోనేమో ఎడమ. 1978 జూలై 30న ఆ ద్వీపమంతా ఒక్క పొద్దుటికి ఎడమకి మారింది.

నాకు వీటన్నింట్లో ఎక్కువ పాఠం కనిపించేది స్వీడన్‌లో. 1955లో జనాన్ని అడిగితే నూటికి 80 మందికి పైగా ఎడమే ఉండనివ్వండి అన్నారు. అయినా చుట్టూ ఉన్న దేశాలు కుడి, వాళ్ల కార్లలో చాలావాటికి స్టీరింగ్ ఎడమ పక్కే ఉండేది. చివరికి ప్రభుత్వం 1967 సెప్టెంబర్ 3, ఆదివారం ముహూర్తం పెట్టింది. తెల్లవారుజామున 4:50కి బళ్లన్నీ ఆగాలి, మెల్లగా అవతలి పక్కకి జరగాలి, 5 గంటలకి కదలాలి. పెద్ద ఘోరాలు జరుగుతాయని అందరూ భయపడ్డారు. జరగలేదు! మర్నాడు సోమవారం 125 ప్రమాదాలు నమోదయ్యాయి, అంతకు ముందు సోమవారాల్లో 130 నుంచి 198 దాకా ఉండేవి. ఎందుకంటే అందరూ భయంతో, కళ్లు పెద్దవి చేసుకుని నడిపారు. తర్వాత భయం పోయింది, రెండేళ్లలో చావుల లెక్క మళ్లీ పాత స్థాయికి వచ్చింది.

దీన్ని డాలస్‌లోనో ఫ్రాన్స్‌లోనో కారు అద్దెకి తీసుకునే మనకి అన్వయించుకోండి. మొదటి రోజు ఏమీ కాదు, మెదడు పూర్తిగా అక్కడే ఉంటుంది. మూడో రోజు పొద్దున్నే, ఖాళీ రోడ్డు, పెట్రోల్ బంకులోంచి బయటికి వస్తూ చెయ్యి తనంతట తాను ఎడమ లేన్‌లోకి తిప్పేస్తుంది. ఎదురుగా వేరే బండి ఉంటే దాన్ని చూసి సర్దుకుంటాం, ఎవరూ లేనప్పుడే తెలియకుండా రాంగ్ రూట్‌లోకి వెళ్లిపోతాం. పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఒక పని అప్పగించండి: ప్రతి మలుపులో "కుడి, కుడి" అని పైకి అనడం. నామోషీ ఏం లేదు. డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపే కూర్చుని ఉండాలి, అదొక గుర్తు.

అలవాట్లు ఇంకా ఉన్నాయి. ఇక్కడ పోలీసు ఆపితే మనం దిగి వెళ్లి "సార్, సార్" అంటాం. అమెరికాలో దిగొద్దు. పక్కకి ఆపి, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టి కూర్చోవాలి. అక్కడ ఐడీపీ కావాలా వద్దా అన్నది కూడా ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. వెళ్లే రాష్ట్రం రూల్, కారు అద్దెకిచ్చే కంపెనీ రూల్, రెండూ ముందే చూసుకోవాలి.

ఇంకొకటి. పోలీసు అడిగితే ఫోన్ తీసి డిజీలాకర్ చూపించడం మనకి అలవాటైపోయింది. దాన్ని ఒరిజినల్‌తో సమానం అన్నది మన చట్టం, అది మన సరిహద్దు వరకే. అక్కడ ఐడీపీ ఒక్కటే చూపించినా చాలదు, అది తర్జుమా అనుకున్నాం కదా. మూలం కూడా చేతిలో ఉండాలి. ప్లాస్టిక్ కార్డు లైసెన్స్ ఇంట్లో ఏ డ్రాయర్‌లో ఉందో ఇప్పుడే వెతికి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి.